పద్నాలుగో తేదీ అంటే పదమూడో తేదీ రాత్రి

2003 ఆగస్టు 13, బుధవారం. తెనాలిలోని మా ఇంటి వెనక వసారాలో అమ్మ పెద్ద బేసిన్‌లో మినప్పిండీ బెల్లమూ కలిపి, కాచిన నెయ్యి పోసుకుంటూ సున్నుండలు చుడుతోంది. ముందు గదిలో, చదువుకు అమెరికా వెళుతున్న అన్నయ్య సూట్‌కేసులు రెండూ నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. ఒకదానిలో బట్టలు, పుస్తకాలు, ప్రెషర్ కుక్కరు సర్దడం అయిపోయింది. రెండోదానిలో ఆవకాయ, గోంగూర డబ్బాలకు చోటు చూడాలి. రాత్రి డ్యూటీ దిగి వచ్చి స్నానం చేసిన నాన్నగారు భోజనానికి కూర్చోబోతూ, "ఏదిరా నీ టికెట్టు, ఒకసారి చూడనీ" అని అన్నయ్యను అడిగారు.

అప్పటి విమానం టికెట్టు పలుచటి చిన్న పుస్తకంలా ఉండేది. ఆకు తిప్పితే వేలికి ఎర్రటి కార్బన్ అంటుకునేది. (2008 జూన్ 1 నుంచి అలాంటి కాగితపు టికెట్లు ఆగిపోయాయి. ఇప్పటి పిల్లలకు చూపిద్దామన్నా దొరకదు.) నాన్నగారు దానిని ఒకసారి చదివి, కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడుచుకుని మళ్లీ చదివి, గోడ గడియారం వైపు చూశారు. మధ్యాహ్నం పన్నెండూ ఇరవై.

"ఒరేయ్, నీ విమానం రేపు రాత్రి కాదురా. ఈ రాత్రే" అన్నారు.

టికెట్టు మీద 14 ఆగస్టు అని, పక్కనే 0115 అని ఉంది. కొరియర్‌లో అది వచ్చిన మూడు రోజులుగా ఇంట్లో అందరం దానిని చూస్తూనే ఉన్నాం, అందరం పద్నాలుగో తేదీ రాత్రి అనే అనుకున్నాం. నాన్నగారి రైల్వే పాసు మీద పదమూడు రాత్రి నారాయణాద్రికి బెర్తులు ఉన్నాయి. పద్నాలుగు ఉదయం సికింద్రాబాద్‌లో దిగి, పిన్ని ఇంట్లో పగలంతా ఉండి, రాత్రికి బేగంపేట విమానాశ్రయానికి వెళ్లాలని మా ఏర్పాటు. ఆ ఏర్పాటు ప్రకారం మేము సికింద్రాబాద్ చేరేసరికి విమానం వెళ్లిపోయి కొన్ని గంటలు అయి ఉండేది.

ఆ పొరపాటును నేను ఎప్పటికీ అజ్ఞానం అనుకోలేను. మన పంచాంగం లెక్కలో సూర్యోదయం నుంచి సూర్యోదయం దాకా ఒక రోజు. అమ్మకు, అమ్మమ్మకు, మా వీధిలోని పెద్దలందరికీ రాత్రి ఒంటిగంట అంటే ఇంకా ఆ గడిచిన రోజే, తెల్లవారితే గాని తేదీ మారదు. అర్ధరాత్రి పన్నెండింటికి తేదీ మారుతుందన్న సంగతి మాకు తెలియకపోలేదు గాని ఒంట్లోకి ఇంకలేదు. మా ఇంట్లో అది ఇంకిన మనిషి ఒక్కరే. నాన్నగారు దక్షిణ మధ్య రైల్వే విజయవాడ డివిజన్‌లో గార్డుగా పనిచేసేవారు. అర్ధరాత్రి దాటాక వచ్చే బండికి టికెట్టు తీసుకుని, తేదీ పొరబడి ఒక రోజు ఆలస్యంగా పెట్టే బేడాతో ప్లాట్‌ఫాం మీదికి వచ్చి తెల్లబోయిన కుటుంబాలను ఆయన ఎన్నింటిని చూశారో లెక్క లేదు. తన ఇంట్లోనే అది జరగబోతోందని తెలిసిన ఆ క్షణంలో ఆయన గొంతు పెంచలేదు, ఎవరినీ ఒక్క మాట అనలేదు. ఆ వేళ విజయవాడ నుంచి దొరికే బండ్లన్నింటినీ మనసులోనే తిరగేసి, ఏదీ నమ్మకంగా సమయానికి చేర్చదని తేల్చుకుని, "రోడ్డున పోదాం. అరుణా టాకీసు... కాదు, స్టాండుకే వెళ్లి సుమో మాట్లాడుకురా" అని నన్ను పంపించారు. ఆ తొట్రుపాటు ఒక్కటే ఆయన పడిన కంగారుకు నాకు దొరికిన ఆనవాలు.

బుధవారం పన్నెండు నుంచి ఒకటిన్నర దాకా రాహుకాలం. అమ్మ ఆ మాట పైకి అనడానికి భయపడింది. అయితే సుమో దొరికి, సూట్‌కేసులు మూసి, పైన క్యారియర్ మీద పట్టా కప్పి తాళ్లు బిగించేసరికి ఒంటిగంటా యాభై అయింది. రాహుకాలం దానంతట అదే దాటిపోయినందుకు అమ్మ గుమ్మం దగ్గర దణ్ణం పెట్టుకుంది. సున్నుండల పిండి ఇంకా సగం చుట్టవలసే ఉంది. దాన్ని వదిలేసి రావడానికి ఆమె మనసు ఒప్పలేదు. బేసిన్‌ను అలాగే ఒళ్లో పెట్టుకుని సుమో మధ్య సీట్లో కూర్చుంది.

ఆ ప్రయాణంలో నా కళ్లకు ఇప్పటికీ కట్టినట్టుండేది అమ్మ చేతులు. దుగ్గిరాల దాటాక కాలువ గట్టు రోడ్డు మీద బండి ఎగిరెగిరి పడుతుంటే, ఆమె ఎడమ చేత్తో బేసిన్‌ను పొట్టకు ఆనించి పట్టుకుని, కుడి చేత్తో పిండి తీసుకుని గుప్పిట్లో నొక్కి, ఉండను బొటనవేలితో గుండ్రంగా తిప్పి పక్కనున్న అక్క చేతిలోని స్టీలు డబ్బాలో వేసేది. నెయ్యి చల్లారి పేరుకోవడంతో ఉండ సరిగా నిలిచేది కాదు. నిలవని ఉండను మళ్లీ చిదిపి, అరచేతి వేడికి కాసేపు ఉంచి మళ్లీ చుట్టేది. ఎవరం మాట్లాడలేదు. నందిగామ దాటేసరికి బేసిన్ ఖాళీ అయింది. అప్పుడు కొంగుతో చేతులు తుడుచుకుని, అంతవరకు ఆపుకున్న ఏడుపు ఏడ్చింది.

అప్పటికి విజయవాడ, హైదరాబాద్‌ల మధ్య రహదారికి 9వ నంబరే ఉండేది. ఇప్పుడు 65 అంటున్నారు. నాలుగు వరుసలు ఇంకా రాలేదు. ఎదురుగా వచ్చే లారీకి దారి ఇవ్వాలంటే మట్టి అంచు మీదికి దిగవలసిందే. 270 కిలోమీటర్ల దారిలో కోదాడ దాకా అంతా సవ్యంగానే సాగింది. సూర్యాపేట దగ్గర లారీలు బారులు తీరి ముక్కాలు గంట కదలలేదు. అక్కడి నుంచి వాన పట్టుకుంది. నార్కట్‌పల్లి దాటి చిట్యాల సమీపిస్తుండగా వెనక చక్రం పంచరైంది.

ఆ వానలో డ్రైవరు జాకీ పెడుతుంటే నాన్నగారు పక్కనే నిలబడి టార్చి పట్టారు. అది ఆయన డ్యూటీ టార్చే. చక్రం ఊడదీసి స్టెప్నీ బిగించేదాకా ఆ వెలుతురు ఎటూ చెదరలేదు. ఆయన చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది గాని, అన్నయ్య పాస్‌పోర్టు, చెన్నైలో వీసా వేయించుకొచ్చిన కాగితాలు, విశ్వవిద్యాలయం పంపిన ఐ-20 అనే అర్హతపత్రం ఉన్న కవరును మాత్రం ప్లాస్టిక్ సంచిలో చుట్టి బనీను లోపల దోపుకున్నారు. చక్రం బిగించడం పూర్తికాగానే వాచీ చూసుకుని, జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి రెండు అంకెలు రాశారు. బండి ఆగిన వేళ, కదిలిన వేళ. గార్డుగా ముప్పై ఏళ్లకు పైగా ప్రతి స్టేషన్‌లోనూ చేసిన పని అది. మా సొంత ప్రయాణాలన్నింటికీ కూడా ఆయన జేబులో అలాంటి ఒక పుస్తకం ఉండేది.

ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్, చాదర్‌ఘాట్, కోఠి, లక్డీకాపూల్, పంజాగుట్ట. ఆ పేర్లన్నీ నేను ఆ రాత్రే మొదటిసారి వరుసగా చూశాను. పదకొండుకు పది నిమిషాలుండగా బేగంపేట చేరాం. పంద్రాగస్టు ముందు రోజులు కావడంతో ప్రయాణికులు తప్ప ఎవరూ లోపలికి వెళ్లే వీలు లేదు. అన్నయ్య ఒక్కడే బండి తోసుకుంటూ వెళ్లాడు. పావుగంటలో ఒక సూట్‌కేసుతో మళ్లీ బయటికి వచ్చాడు. అప్పట్లో అమెరికాకు వెళ్లేవారికి ఒక్కొక్కటి 32 కిలోల చొప్పున రెండు పెట్టెలు అనుమతించేవారు. ఆ పెట్టె 35 కిలోలు తూగిందట. ఆ తొందరలో ఇంట్లో తూకం చూసుకునే వ్యవధి ఎక్కడిది? తలుపు బయట నేల మీద పెట్టె తెరిచి, నాన్నగారు మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్కటే తీశారు. లావుపాటి పుస్తకాలు రెండు, ఒక దుప్పటి, గోంగూర డబ్బా బయటికి వచ్చాయి. సున్నుండల డబ్బా మీద కూడా ఆయన చెయ్యి పడింది. కటకటాల దగ్గర నిలబడ్డ అమ్మ వైపు ఒకసారి చూసి, దాన్ని అలాగే ఉంచి, అన్నయ్య బూట్లు తీసేశారు.

అన్నయ్య లోపలికి వెళ్లేముందు పెద్దవాళ్లకు నమస్కారం చేసుకోవాలని, అందరం ఒక ఫొటో దిగాలని ఎన్ని అనుకున్నామో! ఒక్కటీ జరగలేదు. కటకటాల సందులోంచి అమ్మ చెయ్యి చాపితే, వాడు పరుగున వచ్చి ఆ అరచేతిని కళ్లకద్దుకుని వెళ్లిపోయాడు. ఆ చేతికి ఇంకా నెయ్యి వాసన ఉందని ఏడాది తరవాత ఒక ఉత్తరంలో రాశాడు.

ఆ తరవాత మా చుట్టాల్లో ఎవరు విమానం ఎక్కవలసి వచ్చినా టికెట్టు ముందు నాన్నగారికి చూపించడం ఆనవాయితీ అయింది. ఆయన తేదీ, వేళ చూసి, "పద్నాలుగో తేదీ అంటే పదమూడో తేదీ రాత్రి" అన్న మాటను అందరికీ మంత్రోపదేశంలా చెప్పేవారు. హైదరాబాద్ నుంచి గల్ఫ్ మీదుగా వెళ్లే విమానాలు చాలావరకు అర్ధరాత్రి దాటాకనో తెల్లవారుజామునో బయలుదేరుతాయి, అక్కడ ఉదయానికి చేరి యూరప్‌కో అమెరికాకో మరో విమానం అందుకోవాలి కనుక. అందువల్ల ఆ మాట అవసరం మా బంధువులలో ఎవరికీ తీరిపోలేదు.

అలాంటి మనిషి చేతుల మీదుగానే అక్క విమానం తప్పిపోయింది. ఈ సంగతి రాయవచ్చా అని చాలాకాలం ఆలోచించాను. ఆయనే రాయమన్నారు.

2008 మార్చి 23న హైదరాబాద్ విమానాశ్రయం బేగంపేట నుంచి శంషాబాద్‌కు మారింది. ఆ ఏప్రిల్ నెలలో అక్క, రెండేళ్ల పాపను తీసుకుని మస్కట్‌లో ఉన్న బావగారి దగ్గరకు వెళ్లాలి. రాత్రి తొమ్మిదిన్నరకు విమానం. నాన్నగారు అప్పటికి రిటైరై నాలుగేళ్లు. తెనాలి నుంచి వచ్చి, దిల్‌సుఖ్‌నగర్‌కు మారిన పిన్ని ఇంట్లో దిగారు. నేను ఆఫీసు నుంచి నేరుగా శంషాబాద్ వెళ్లి ఉండేటట్లు, వాళ్లు కారులో వచ్చేటట్లు అనుకున్నాం. పిన్ని ఇంటి నుంచి చాంద్రాయణగుట్ట, ఆరాంఘర్ మీదుగా వస్తే గంట, మహా అయితే గంటన్నర ప్రయాణం. నాన్నగారి పట్టుదల వల్ల అయిదుంపావుకే బయలుదేరారు.

ఆరూ నలభైకి నాకు ఫోను వచ్చింది. "మేము వచ్చేశాం రా. నువ్వెక్కడున్నావు? ఇక్కడ గేట్లు మూసి ఉన్నాయి, లోపల దీపాలు కూడా లేవు" అన్నారు నాన్నగారు. కొత్త విమానాశ్రయంలో దేదీప్యమానంగా వెలుగుతున్న హాలు ముందు నిలబడి ఆ మాట విన్నాను. నాకు అర్థం కావడానికి కొన్ని క్షణాలు పట్టింది. నేను చెప్పేలోపే ఆయనకు అర్థమైంది. ఫోనులో ఆయన ఊపిరి ఒక్కటే వినిపించింది.

ముందు సీట్లో కూర్చుని, డ్రైవరు ఎక్కడికని అడిగితే ఆయన "బేగంపేట" అన్నారు. పేపర్లలో నెల రోజులుగా చదువుతున్నదీ, పొద్దున్న నాతో ఫోనులో మాట్లాడినదీ శంషాబాద్ గురించే. అయినా అయిదేళ్ల క్రితం ఆ రాత్రి దారి ఆయనలో ఎంత లోతుగా దిగిపోయిందో, విమానం అనగానే నాలుక మీదికి ఆ పేరే వచ్చింది. వెనక సీట్లో పాప ఏడుపు, పిన్ని అప్పగింతలు, ఎవరూ గమనించలేదు. తెనాలి దాటి పెద్దగా తిరగని అక్కకు ఏ దారి ఎటు వెళుతుందో తెలియదు. దారిలో ఎవరినైనా ఎక్కించుకుంటారేమో అనుకున్నానని డ్రైవరు తరవాత చెప్పాడు. అతనిని తప్పుపట్టడానికి ఏమీ లేదు.

బేగంపేట నుంచి శంషాబాద్‌కు ముప్పై కిలోమీటర్ల పైమాట. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా ఎక్స్‌ప్రెస్‌వే స్తంభాలు లేస్తున్న రోజులవి. అది పూర్తయి తెరుచుకున్నది 2009 అక్టోబరులో. ఆ సాయంత్రం మాత్రం స్తంభాల పక్కన మిగిలిన సన్నటి దారిలో దుమ్ములో బస్సులూ లారీలూ ఒకదాని వెనక ఒకటి పాకుతున్నాయి. నేను పది నిమిషాలకోసారి ఫోను చేసేవాణ్ని. మాసాబ్‌ట్యాంక్ అనేవారు, తరవాత మెహిదీపట్నం, మళ్లీ చేస్తే ఇంకా మెహిదీపట్నమే. అత్తాపూర్ దగ్గర ఆయన ఫోను ఎత్తడం మానేశారు, అక్క ఎత్తింది.

విదేశాలకు వెళ్లే విమానాలకు బయలుదేరే వేళకు గంట ముందు సామాను తీసుకునే కౌంటరు మూసేస్తారు. ఎనిమిదీ ముప్పైకి మూశారు. ఎనిమిదీ నలభైకి కారు వచ్చింది. అక్క ఒక చంకలో పాపను, ఒక చేతిలో సంచిని పట్టుకుని పరుగెత్తిన పరుగు, కౌంటరులోని అమ్మాయి తల అడ్డంగా ఊపడం, పాలసీసా ఒకటి జారి నున్నటి నేల మీద దొర్లుకుంటూ పోవడం. అద్దాల అవతల ఇదంతా చూస్తూ నాన్నగారు నిలబడి ఉన్నారు. విమానం ఇంకా యాభై నిమిషాలు అక్కడే ఉంటుంది. ఆయన దృష్టిలో అంతకన్నా పెద్ద బాధ లేదు. కళ్లెదుట నిలిచి ఉన్న బండిని ఎక్కలేకపోవడం ఆయన ఉద్యోగ జీవితంలో ఎన్నడూ చూడని విషయం.

మూడు రోజుల తరవాతి విమానానికి టికెట్టు మార్పించడానికి ఆయన రెండు నెలల పింఛను అయింది. అక్కను ఇవ్వనివ్వలేదు, బావగారిని ఇవ్వనివ్వలేదు. ఆ రాత్రి పిన్ని ఇంట్లో అందరూ పడుకున్నాక, మంచినీళ్లకు లేచిన నాకు బల్ల మీద ఆయన నోటుబుక్కు తెరిచి కనిపించింది. దిల్‌సుఖ్‌నగర్ 17.15. బేగంపేట 18.40. శంషాబాద్ 20.40. బండి ఆలస్యమైతే గార్డు తన పుస్తకంలో కారణం కూడా రాయాలి. సిగ్నలు, ఇంజను, లైను ఖాళీ లేకపోవడం, ఏదైతే అది. ఆ అంకెల కింద, ఆలస్యానికి కారణం అని రాసి, పక్కన "నేను" అని రాసుకున్నారు.

2014 మే నెలలో ఆయనా అమ్మా అన్నయ్య దగ్గరకు అమెరికా వెళ్లినప్పుడు చికాగోలో రెండో విమానం తప్పింది గాని, ఆ కథలో ఎవరి పొరపాటూ లేదు. అమెరికాలో మొదట ఎక్కడ దిగితే అక్కడే ఇమ్మిగ్రేషన్ పూర్తి చేసుకుని, పెట్టెలు తీసుకుని, కస్టమ్స్ దాటించి మళ్లీ అప్పగించాలి. వాళ్ల ముందున్న బారు కదలలేదు. పైగా అమ్మ సంచిలో కరివేపాకు కనిపించి సామానంతా విప్పించారు. పచ్చి కరివేపాకును ఆ దేశంలోకి రానివ్వరని మాకెవరికీ తెలియదు. హైదరాబాద్‌లో నాకూ అక్కడ అన్నయ్యకూ నాలుగు గంటలు నిద్రాహారాలు లేవు. అక్కడి మధ్యాహ్నం రెండు ఇక్కడి అర్ధరాత్రి పన్నెండున్నర. చివరికి ఎవరో తెలుగు అమ్మాయి ఫోను నుంచి నాన్నగారు అన్నయ్యతో మాట్లాడారు. "బండి తప్పినవాడు ఉన్నచోట నుంచి కదలకూడదు. మేము కదల్లేదు. కౌంటరు ఎదురుగా మూడో బెంచీ మీద ఉన్నాం, మీ అమ్మ పులిహోర తింటోంది" అని చెప్పారట. ఇంగ్లీషులోను తెలుగులోను అన్నయ్య రాసి పంపిన ప్రశ్నల కాగితం ఆయన చేతిలో చెమటకు మెత్తబడిపోయిందని అమ్మ తరవాత చెప్పింది.

మొన్న సెప్టెంబరులో అక్క కూతురు చదువుకోవడానికి ఐర్లండ్ వెళ్లింది. 2008లో చంకలో ఉన్న పాపే. నాన్నగారికి ఇప్పుడు ఎనభై ఒకటో ఏడు, తెనాలి దాటి రావడం లేదు. టికెట్టు రాగానే వీడియో కాల్‌లో చదివి వినిపించమన్నారు.

"తేదీ ఎంతమ్మా?"

"ఆరు, తాతయ్యా. తెల్లవారుజామున నాలుగూ ఇరవై."

"అంటే?"

"అయిదో తేదీ రాత్రి తాతయ్యా. పది, పదిన్నరకల్లా బయలుదేరుతాం."

అయిదో తేదీ రాత్రి పదిన్నరకు సామాను కారులో పెట్టి మేమంతా ఎక్కుతుండగా మళ్లీ ఫోను చేశారు. అందరూ ఎక్కారా, పాస్‌పోర్టు చేతిలో ఉందా, పెట్టెలు తూచారా అని వరుసగా అడిగారు. అన్నింటికీ జవాబు విన్నాక, "ఫోను ఒకసారి డ్రైవరు బాబుకు ఇవ్వమ్మా" అన్నారు. మేనకోడలు ఫోను ముందుకు అందించింది.

"బాబూ, శంషాబాద్ కదా?"

"అవును సార్, శంషాబాద్ ఎయిర్‌పోర్టు."

"శంషాబాదే కదా బాబూ?"

అక్క ముందుకు వంగి ఫోను తీసుకుంది. "శంషాబాదే నాన్నగారూ. నేను చూస్తూనే ఉంటాను. పదీ ముప్పై అయిదుకు కదిలాం అని రాసుకుని, ఇక పడుకోండి" అంది.